రక్తం ఎటు పోతుందమ్మా? (బోరబండ మహిళా సంఘం మీటింగ్‌లో మాట్లాడింది)

అందరికీ నమస్తే. కొంచెం ముందుకు జరుగుండ్రి అక్కా, ఆ కూలర్ సౌండ్‌ల నా మాట వెనక దాకా రాదు.

మన దగ్గర ఫ్యామిలీ ప్లానింగ్ అంటే ఏందమ్మా అని ఎవరినడిగినా ఆపరేషన్ అంటరు, అంతే. ఇద్దరు పుట్టంగనే చేయించేస్తరు, చాలామందికి అప్పటికి పాతికేళ్ళు కూడా ఉండయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల చూస్తే దేశం మొత్తం మీద పెళ్ళైన ఆడవాళ్ళల్ల దాదాపు 38 శాతానికి ఆపరేషన్ అయ్యింది, మన తెలంగాణల అది 60 దాటింది, ఆంధ్రాల దాదాపు 70. మరి మగవాళ్ళది? దేశంల 0.3 శాతం! ఎమర్జెన్సీల మగవాళ్ళను పట్టుకపోయి బలవంతంగ కోసిన్రు, 1977 ఎలక్షన్ల సర్కార్‌కు ఆ దెబ్బ తగిలింది, ఇగ ఆ తర్వాత వాళ్ళ జోలికి పోవాలంటే అందరికీ భయమే, బరువంతా తెచ్చి మన మీద పెట్టిన్రు.

ఆపరేషన్ చెడ్డదని నేను అంటలే. కానీ 2022 ఆగస్టుల ఇబ్రహీంపట్నంల ఒక్కరోజే 34 మందికి చేస్తే నలుగురు తల్లులు చనిపోయిన్రు, గుర్తుంది కదా.

ఆడవాళ్ళకు అవగాహన లేదు అని పెద్ద పెద్ద మీటింగులల్ల అంటుంటరు, నాకైతే ఒళ్ళు మండుతది. నర్సుగ చేసినన్ని రోజులు నేను చూసింది వేరే. గర్భం రాకుండ మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్ తీసుకున్న ఒక అమ్మాయి, రెండో డోసుకే రానని మొండికేసింది, ఏమైందంటే పీరియడ్ ఆగిపోయింది, వాళ్ళత్త చెడు రక్తమంతా కడుపుల గడ్డ కడ్తది అన్నదంట. "రక్తం ఎటు పోతుందమ్మా మరి?" అని నన్నడిగింది. ఎంత మంచి ప్రశ్న! మందు వల్ల గర్భసంచి లోపలి పొర పెరగనే పెరగదు బిడ్డా, పెరగనిది రాలదు, లోపల జమ అయ్యేదేం లేదు అని చెప్పిన. అత్తను కూడా తీసుకరమ్మన్న, ఆమె వచ్చి నాతోని అర్ధగంట కొట్లాడి, పోయేటప్పుడు సరే కానియ్యి అన్నది. ఈ ముక్క సూది వేసేముందే చెప్పుంటే ఆ పిల్ల మూడు నెలలు హడలి చచ్చేది కాదు కదా?

కాపర్ టీ అంతే, మొదటి కొన్ని నెలలు బ్లీడింగ్ ఎక్కువుంటది, చెప్పరు, ఈమె భయపడి తీయించేసుకుంటది, బస్తీ మొత్తం కాపర్ టీ పడదు అని టాక్. గర్భం రాకుండ వేసుకునే ఛాయా గోలీల హార్మోన్ ఉండదు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి, పీరియడ్ డేట్ లేటయితది. అంతర ఆపినంక గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, తొందరున్నోళ్ళు ముందే ఆలోచించుకోవాలె. సర్కార్ దవాఖానల ఇవన్నీ ఫ్రీ.

మెట్ల మీద నిలబడ్డ అన్నలు, మీకూ ఉంది. కోత కుట్టు లేని వేసెక్టమీ, అంటే మగవాళ్ళ ఆపరేషన్, అదే రోజు ఇంటికి పోవచ్చు, మగతనం ఎటూ పోదు, బరువులూ ఎత్తొచ్చు కొన్ని రోజులాగి. అయితే వెంటనే పనిచేయదు, మూడు నెలలు కండోమ్ వాడి టెస్ట్ చేయించుకోవాలె.

ఇంకోటి, ఆడమనిషి ఆపరేషన్‌కు భర్త సంతకం కావాలన్న రూల్ లేదు. ఎవరన్నా అడిగితే ఏ కాగితంల ఉందో చూపియ్యమనుండ్రి.