తోటల పెండ్లి, పాతకాలపు కళ: దేనికి పైసలు పెట్టాలె, దేనికి వద్దు

నమస్తే అండి. ఫంక్షన్ హాలు వద్దు, తోటలనే పెండ్లి చేయాలె, అదీ తాతల కాలం నాటి కళ కనబడాలె అనుకునేటోళ్ల కోసం ఈ రివ్యూ. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల దిక్కు దొరికే జాగలు, బట్ట, పూలు, లైట్లు, కిరాయి సామాను చూసి, ఏది తీసుకోవాలె, ఏది వద్దో మొహమాటం లేకుండ చెప్తం. రేట్లు మాత్రం చెప్తలేం. ముహూర్తాలు గట్టిగున్న వారం ఒక రేటు, లేని వారం ఒక రేటు ఉంటది.

మొదలే తోట చూడనీకె పోకుండ్రి. ముందు అయ్యగారి దగ్గర లగ్గం గడియ రాయించుకోండ్రి. పిల్ల, పిలగాడు పీటల మీద తూర్పుకు మొహం పెట్టి కూర్చుంటరు కదా. పొద్దున తొమ్మిదింటి లగ్గమైతే ఎండ సీదా మొహం మీద పడి కండ్లు చిట్లిస్తరు, ఆల్బం నిండ అవే ఫొటోలు. సాయంత్రం ఐదింటిదైతే ఉల్టా. పొద్దు వాళ్ల వీపు దిక్కు గూకుతది, మొహాలు నల్లగ పడ్తయ్, ఎదురుంగ కూర్చున్న చుట్టాలంత చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తుంటరు. అందుకే సాయంత్రం లగ్గానికి మండపం వెనుక, అంటే పడమర దిక్కు, గుబురు చెట్టు కావాలె. పొద్దుటి లగ్గానికి తూర్పున చెట్ల వరుస కావాలె. ఫిబ్రవరిల పొద్దున తొమ్మిదింటికి ముప్పై అడుగుల చెట్టు నీడ సుమారు యాభై అడుగుల దాకా పడ్తది, అండ్లనే మండపం ఇముడుతది. అంతకు తక్కువ చెట్లుంటే ఆ తోట వద్దనుకోండ్రి. తోట చూడనీకె పోయేది కూడా అదే గడియకు పోవాలె. మధ్యాహ్నం పన్నెండింటికి పోయి చూస్తే అన్ని తోటలు ఒక్క తీరే కనబడ్తయ్.

ఇగ జాగలు. మొదటిది పాత మామిడి తోట. కొల్లాపూర్ దిక్కు మంచివి ఉన్నయ్. పాత పద్ధతి తోటలల్ల చెట్టుకు చెట్టుకు పది మీటర్లు, అంటే ముప్పై మూడు అడుగుల దాకా ఎడం ఉంటది. కొమ్మలు పైన కలిసిపోయి కింద వసారా లెక్క ఉంటది. పాతకాలపు కళ అంటే దీని తర్వాతనే ఏదైనా. కానీ ఒక్క తిప్పలుంది. ఇగో, ఈ ఆకు చూడుండ్రి. మీద నూనె రాసినట్టు మెరుస్తున్నది, వేలు పెడితే బంక బంక. ఇది తేనెమంచు పురుగు పని. మామిడి పూతకొచ్చినప్పుడు, జనవరి, ఫిబ్రవరిల, ఈ పురుగు రసం పీల్చి తీపి నీళ్లు విడుస్తది. అవి సన్నటి తుంపర లెక్క కింద రాలుతయ్. మీ మాఘమాసం లగ్గాలు సరిగ్గ అప్పుడే. కంచిపట్టు చీర మీద చుక్కలు చుక్కలుగ పడితే ఫంక్షన్ అయినంక గానీ తెల్వదు, దుమ్ము అంటుకొని నల్లమచ్చలైతయ్. పరీక్ష అల్కగ ఉంటది: లగ్గానికి పది రోజుల ముందు చెట్టు కింద ఒక నల్ల బట్టను రాత్రంత పరిచి, పొద్దున చూడుండ్రి. చుక్కలుంటే కుర్చీల మీద పందిరి తప్పదు. మరి మందు కొట్టిస్తే సరిపోదా అంటరు. లగ్గం ముంగట కొట్టిస్తే ఆ వాసనల, ఆ మందు కింద పిల్లలను తిప్పలేరు. రైతుతోని ముందే మాట్లాడి, డబ్బా మీద రాసిన గడువు చూసుకొని తేదీ పెట్టుకోవాలె.

ఇంకొక మాట. మే నెల లగ్గమైతే తోట యజమాని సరే అన్నా, కాయ గుత్తకు పట్టినాయన సరే అనాలె. కాపు మీద హక్కు ఆయనదే. ఇద్దరి దగ్గరా మాట కాయితం మీద పెట్టించుకోండ్రి.

నల్లగొండల బత్తాయి తోటలకు కొదువ లేదు. జనవరి, ఫిబ్రవరిల పూతకొచ్చినప్పుడు ఆ వాసన ఏ సెంటుకూ రాదు. కానీ కొమ్మలు మోకాళ్ల ఎత్తునుంచే మొదలైతయ్, కింద డ్రిప్పు పైపులు, పాదులు. అక్కడ మూడు నూర్ల కుర్చీలు వేయలేరు. పూత మీద తేనెటీగలుంటయ్, అది కూడా మతిలో పెట్టుకోండ్రి. దానికి తోడు డిసెంబర్ అటూఇటు రైతు నీళ్లు బంద్ చేసి చెట్టును బెట్టకు వదుల్తడు, ఆకు వాలిపోయి ఉంటది. మా లెక్కల బత్తాయి తోట ఫొటోలకు, పిల్ల నడిచొచ్చే బాటకు మంచిది, లగ్గానికి కాదు.

మూడోది ఫంక్షన్ హాలు పక్క లాన్. నీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు అన్నీ ఉంటయ్. గడ్డి పచ్చగ కనబడాలని వాళ్లు పొద్దుగాల కూడా నీళ్లు పెడ్తరు, కుర్చీ కాళ్లు దిగబడి ముసలోళ్లు పక్కకు ఒరుగుతరు. మూడు రోజుల ముందే నీళ్లు ఆపాలని రాయించుకోండ్రి. చెల్క, అంటే ఎర్ర ఇసుక నేలైతే ఉల్టా, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లకపోతే దుమ్ము లేస్తది. గద్వాల, అలంపూర్ దిక్కు నల్లరేగడిల అకాల వాన పడిందా, చెప్పులు చేతుల పట్టుకొని నడవాల్సిందే. అక్కడ ఏప్రిల్, మే లగ్గాలకు మేమైతే రేగడి చేను వద్దంటం.

జాగ లెక్క గుంటలల్ల చెప్తం, ఎకరానికి నలభై గుంటలు. బండికి తిరగనీకె జాగతోని కలిపి 250 చదరపు అడుగులు పట్టుకోండ్రి. నూరు కార్లకు 25,000, అంటే 23 గుంటలు పార్కింగుకే. ఎకరం తోటల ఎనిమిది నూర్ల మందిని పిలుస్తమంటే చెట్లకంటే కార్లే ఎక్కువ కనబడ్తయ్.

మండపం 12×12 అడుగులు చాలంటరు డెకరేషనోళ్లు. చాలదు. పిల్ల, పిలగాడు, రెండు దిక్కుల తల్లిదండ్రులు, అయ్యగారు, హోమగుండం, ఇద్దరు కెమెరావాళ్లు, తలంబ్రాలప్పుడు ఎక్కే మేనత్తలు. 16×16 తీసుకోండ్రి. కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయాలె. 8×4 షీట్లు ఎనిమిదైతే సరిగ్గ సరిపోతయ్. ఎత్తు అడుగున్నర. అంతకు మించితే స్టేజీ లెక్క అయితది, తోట కళ పోతది. నాలుగు గుంజలు కట్టెవే పెట్టించి, మామిడాకు, కొబ్బరాకు కట్టించుండ్రి. ఇనుప పైపుకు బట్ట చుడితే రెండు గంటలల్ల జారుతది. హోమం మీద నేరుగ బట్ట రావొద్దు. సింథటిక్ బట్ట అంటుకుంటే కరిగి కింద కారుతది. నడుమ పైకప్పు తెరిచి ఉంచి, పక్కన రెండు బకెట్ల ఇసుక పెట్టుండ్రి. మామిడి కొమ్మ సీదా గుండం మీద ఉంటే మండపం జరపాల్సిందే. తోటల గాలి ఊకె ఉండదు, దీపానికి గాజు చిమ్నీ తెచ్చుకోండ్రి.

ఇప్పుడు బట్ట. నెట్టు, శాటిన్ పరదాలకు పైసలు దండగ. ఎండల మెరిసి ప్లాస్టిక్ లెక్క కొడ్తది. పక్కూర్లల్లనే మగ్గాలున్నయ్ కదా. ఇగో ఈ గద్వాల ముక్క చూడుండ్రి, నడుమ నూలు, అంచు పట్టు. రెండూ వేరే వేరే దారం, మగ్గం మీదనే పోగు పోగును కలిపి నేస్తరు, కుప్పడం అంటరు. తిప్పి చూస్తే ఈ కలిసిన గీత కనబడ్తది. అంచు అద్దినట్టు సాఫ్‌గ ఉంటే మగ్గానిది కాదని అనుమానపడాలె. అడ్డుతెరకు ఇది చాలు. నారాయణపేట గడుల చీరలు బల్లల మీద పరిస్తే బాగుంటయ్, పోచంపల్లి చెద్దర్లు ఫొటోల వెనుక కడితే ఇంకేం అక్కరలేదు. చీరలను కోయకుండ్రి, పిన్నులు గుచ్చకుండ్రి. మడిచి దారంతోని కడితే పెండ్లైనంక కట్టుకోవచ్చు.

రంగుల దగ్గర పట్నం డెకరేషనోళ్లు మొత్తం తెల్లగ పెడ్తమంటరు. పెద్దమనుషులు ఒప్పుకోరు, వాళ్ల మాట మంచిదే. మీగడ రంగు, పసుపు నీళ్లల్ల ముంచిన తెలుపు, పాత బంగారం, వాడిన గులాబి, ఆకుపచ్చ. ఈ ఐదు దాటొద్దు. పసుపు ఉంటే అవ్వ ఊకుంటది.

పూలకు లెక్క. పెద్ద బంతి కిలోకు నూరు పూలు అటూఇటు తూగుతయ్. గుచ్చితే పూవు అంగుళంన్నర పడ్తది. అంటే కిలోకు పన్నెండు అడుగుల దండ. నాలుగు గుంజలకు తొమ్మిదడుగుల దండలు గుంజకు ఆరు అంటే 216 అడుగులు, 18 కిలోలు. నలిగినయ్, చిన్నయ్ తీసేస్తే 22 కిలోలు చెప్పుండ్రి. చలికాలం అసలు మల్లె దొరకదు, కాకడాలు, చామంతి, లిల్లీ, కనకాంబరంతోని కానియ్యాలె. హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్ల రాత్రే కొని తెచ్చేటట్టైతే పూలను ప్లాస్టిక్ సంచిల మూటగట్టొద్దు, లోపల వేడి పుట్టి నడుమవి ఉడుకుతయ్. తడి గోనె మంచిది. హైడ్రేంజియా లాంటి బయటిదేశం పూలు ఏప్రిల్ ఎండల గంటల తల వాలుస్తయ్, ఎంత చెప్పినా కొంటరు కొందరు.

కిరాయి సామాన్ల ఇత్తడి గంగాళం, బిందెలు, గుండిగలు మంచి ఎంపిక. ఇత్తడా, రంగేసిన ఇనుమా అని అనుమానముంటే జేబుల అయస్కాంతం పెట్టుకొని పోండ్రి, ఇత్తడికి అంటదు. చింతపండు పెట్టి మరీ తళతళ తోమించకుండ్రి, కొంచెం మాసిన రంగే పాతకళ. గంగాళాన్ని జాగల పెట్టినంకనే నీళ్లు పోయాలె. అరవై లీటర్లంటే అరవై కిలోల బరువు, నింపినంక జరపలేరు. గ్రామఫోన్ ఊరికే చూపుకు. నిజంగ పాడించాలంటే పది అంగుళాల రికార్డు ఒక దిక్కు మూడు నిమిషాలే, చావి తిప్పేటానికి, సూది మార్చేటానికి మనిషిని నిలబెట్టాలె. దాని బదులు సన్నాయి, డోలోళ్లకు రెండు మైకులు ఎక్కువ పెట్టించుండ్రి.

అంబాసిడర్ కారు అందరడుగుతరు. 2014ల తయారు బంద్ అయింది, ఉన్నయన్నీ అంతకు ముందటివే. బారాత్‌ల నడక వేగంతోని పోతుంటే రేడియేటరుకు గాలి తగలదు, దానికి తోడు ముంగటి జాలి నిండ పూలు కడ్తరు. ఇంజిన్ మరిగి పొగ లేస్తది, పిలగాడు దిగి నడవాలె. పూలు బానెట్ మీద, టాపు మీదనే కట్టుండ్రి, జాలి ఖాళీగ ఉంచుండ్రి. ఐదు లీటర్ల నీళ్ల క్యాను డిక్కిల ఉండాలె. క్లచ్చు మీద కాలు పెట్టి పాకిస్తే ప్లేటు కాలుతది, డ్రైవరుకు చెప్పుండ్రి.

లైట్లు 2700 కె అని రాసి ఉన్న వెచ్చటి బల్బులే అడుగుండ్రి. 6500 కె తెల్ల లైటు పడిందంటే మామిడి తోట పెట్రోల్ బంకు లెక్క కనబడ్తది. చవక ఎల్ఈడీలు వీడియోల రెప్పలు కొట్టినట్టు కనబడ్తయ్, ముందురోజు ఫోన్ కెమెరాతోని తీసి చూడుండ్రి. కరెంటు మోటరు లైను నుంచి గుంజకుండ్రి, అది సాగు కరెంటు, ఫంక్షన్లకు ఇచ్చింది కాదు. కరెంటు ఆఫీసుల టెంపరరీ సర్వీసు తీసుకోవాలె. ఐదు వాట్ల బల్బులు 400 అంటే రెండు కిలోవాట్లు, సౌండు ఐదు, ఫోకస్ లైట్లు మూడు, ఫ్యాన్లు, మిక్సీలు ఐదు. మొత్తం పదిహేను. 25 కేవీఏ జనరేటరు ఇరవై కిలోవాట్లిస్తది, సరిపోతది. గాలి ఎటు పోతుందో చూసి, మండపానికి నూరడుగుల దూరం పెట్టించుండ్రి. తడి నేల మీద వైరు జాయింట్లుంటయ్ కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే ఎంబడే బంద్ చేసే స్విచ్చి, లేకుంటే పని మొదలుపెట్టనియ్యొద్దు. లౌడ్‌స్పీకర్ రాత్రి పది దాటితే బంద్.

భోజనం. బంతిల కూర్చోబెట్టి మోదుగ విస్తరిల వడ్డించుడే అసలు పాతకాలం, కానీ టైం లెక్కేసుకోండ్రి. నూరు మంది బంతికి ఎత్తుడు, తుడుచుడు కలిపి ముప్పావు గంట. ఆరు నూర్ల మందికి ఆరు బంతులు, నాలుగున్నర గంటలు. ఎవ్వరూ ఆగరు. ముసలోళ్లకు, వియ్యాలవారికి రెండు బంతులు, మిగతా వాళ్లకు బఫే. విస్తర్లు ఎండి ఉంటయ్, గంట ముందు నీళ్లు చల్లితే కుట్టు ఇడవదు. పప్పుచారు కారుతది కాబట్టి మనిషికి రెండు పెట్టుండ్రి.

వంటకు తోట బోరు నీళ్లు వద్దు. నల్లగొండల చాలా జాగల బోర్లల్ల ఫ్లోరైడ్ ఉన్నది, ఉప్పునీళ్లల్ల పప్పు కూడా ఉడకదు, వంటాయన గ్యాసు మండిపోయిందని మీ మీద పడ్తడు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ, క్యాన్లు గానీ వాడుండ్రి. చేతులు కడుగుడు, మరుగుదొడ్లకు కలిపి మనిషికి ఇరవై లీటర్లు, ఆరు నూర్ల మందికి పన్నెండు వేలు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు చెప్పుండ్రి. మూడోది వెనుక నిలబడి ఉండనీ.

చలికాలం రాత్రి ఎనిమిది దాటితే మంచు మొదలైతది. కుర్చీ కవర్లు తడుస్తయ్, పాత ఫొటోలు కాయితం మీద ప్రింటేసి వేలాడదీస్తే ముడుచుకుంటయ్. వాటిని గాజు ఫ్రేములల్లనే పెట్టండ్రి. లైట్ల తీగలకు చెట్లకు మొలలు కొట్టనియ్యకుండ్రి, మామిడికి ఆ గాయం కాడ తెగులు పడ్తది. గోనె పట్టీ చుట్టి, దాని మీద తాడు కట్టాలె. తెల్లారి రెండు రోజులల్ల అన్ని తాళ్లు, తీగలు విప్పి తీస్తరని డెకరేషనోళ్లతోని రాయించుకొని, తీసినంకనే బాకీ పైసలియ్యుండ్రి.