ఎనిమిదో నెల భయం, 41వ వారం ధీమా

వ్యాఖ్యాత: తిరుపతి స్టూడియో నుంచి నమస్కారం. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెలలో పుడితే దక్కదని చిత్తూరు పల్లెల్లో ఇప్పటికీ అంటుంటారు. నిజమేనా డాక్టర్ గారూ?

పిల్లల వైద్యుడు: కాదండీ. 28 వారాల బిడ్డ కంటే 32 వారాల బిడ్డకు, అంతకన్నా 34 వారాల బిడ్డకు బతికే అవకాశం ఎక్కువ. 34 వారాల లోపు కాన్పయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి తల్లికి డెక్సామెథసోన్ అనే మందు 6 మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు మొదటిది పంపే చోటే వేసి 108 ఎక్కించాలి.

వ్యాఖ్యాత: మరి ఎంత ఆలస్యమైతే అంత మంచిదా?

ప్రసూతి వైద్యురాలు: ఆ ధీమానే ముంచుతుంది. 40వ వారంలో పుట్టినవాళ్లలో ఎంతమంది చనిపోయి పుట్టారని చూస్తే అంకె చిన్నదే. కానీ ఇంకా కాన్పు కాని తల్లి అడిగేది వేరు: 'ఈ వారం ఆగితే బిడ్డకేమైనా అవుతుందా?' దానికి ఆ వారంలో కడుపులోనే పోయిన బిడ్డల సంఖ్యను ఆ వారం మొదట్లో గర్భంతో ఉన్న అందరితో భాగించాలి. ఎక్కువగా సంపన్న దేశాల్లోని కోటిన్నర గర్భాలపై 2019లో వచ్చిన విశ్లేషణలో బిడ్డ కడుపులోనే పోయే ఆ రిస్కు 37వ వారంలో వెయ్యికి 0.11, 42వ వారంలో 3.18. మన దగ్గర అంకెలు ఇవే ఉంటాయనుకోకండి, పోకడ గమనించండి.

వ్యాఖ్యాత: అయితే 37కే సిజేరియన్ చేయించేస్తే? ముహూర్తాలూ పెట్టిస్తున్నారు కదా.

పిల్లల వైద్యుడు: ఆ ముహూర్తపు బిడ్డలే ఆయాసంతో మా వార్డుకొస్తారు. నొప్పులు రాకముందే తీస్తే ఊపిరితిత్తుల్లో నీరు తొందరగా ఆరదు. బీపీ, బిడ్డ ఎదుగుదల తగ్గడం లాంటి కారణం లేకపోతే 39 నిండనివ్వండి. పంచాంగం రెండు వారాలు ఆగగలదు.

ఏఎన్ఎం: అసలు 39 అని ఎట్లా తెలుస్తుంది మేడమ్? కార్డులో రెండు మూడు తేదీలుంటాయి.

ప్రసూతి వైద్యురాలు: మంచి మాటన్నావమ్మా. నెలసరి 40 రోజులకొకసారి వచ్చే ఆమెకు అండం 26వ రోజు ప్రాంతంలో విడుదలవుతుంది. నెలసరి తేదీ ప్రకారం 41 వారాలంటే, నిజానికి 39 వారాల 2 రోజులే. మూడు నెలల్లోపు స్కాన్ అయితే తేడా వారంలోపే, చివరి నెలల్లో మూడు వారాల దాకా పోతుంది. ఇంకో ప్రమాదముంది. ఎనిమిదో నెల స్కాన్‌లో బిడ్డ చిన్నగా కనబడగానే కాన్పు తేదీని ఇంకా తర్వాతి రోజులకు జరిపేస్తారు. అది తక్కువ వారాల బిడ్డ కాకపోవచ్చు, మావి సరిగా పనిచేయక ఎదగని బిడ్డ కావచ్చు. తేదీ దిద్దితే ఆ సంగతే మరుగున పడిపోతుంది. మొదటి స్కాన్ తేదీని ఎర్రసిరాతో రాసి, మళ్లీ ముట్టుకోవద్దు.

ఏఎన్ఎం: తేదీ ఖాయమై, 41 నిండినా నొప్పులు రాకపోతే?

ప్రసూతి వైద్యురాలు: ఆ రోజే ఆసుపత్రిలో చేర్పించాలి. కదలికలు తగ్గితే అంతదాకా కూడా ఆగకూడదు, అప్పటికప్పుడే బయలుదేరాలి. నొప్పులు రప్పించడానికి నోటి మిసోప్రోస్టాల్ 25 మైక్రోగ్రాములు, రెండు గంటలకొకసారి, ప్రతి మోతాదుకు ముందు నొప్పులూ బిడ్డ గుండె చప్పుడూ చూసి. 200 మైక్రోగ్రాముల మాత్రను విరిచి ఇవ్వకూడదు, ఒక్కో ముక్కలో మందు ఒక్కోలా ఉంటుంది. ఇదివరకు సిజేరియన్ అయిన ఆమెకు మాత్రం ఈ మందు పనికిరాదు, గర్భసంచి చీలే ప్రమాదముంది.