తల పొట్టు రాలుతుంటే: కారణం తెలిశాకే చికిత్స

సభకు నమస్కారం.

తలలో పొట్టు కనిపించగానే మాడు ఎండిపోయిందనుకుని, కొబ్బరినూనె దట్టంగా పట్టించి రాత్రంతా ఉంచడం మన ఇళ్లలో అలవాటు. ఆ పొట్టు చుండ్రు వల్ల వచ్చినదైతే, ఆప్యాయంగా చేసే ఈ పనే దానిని పెంచవచ్చు.

మనందరి మాడు మీదా మలసీజియా అనే ఈస్ట్, అంటే కంటికి కనిపించని ఒక రకం శిలీంధ్రం, నివసిస్తుంది. తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను అది సొంతంగా తయారుచేసుకోలేదు కనుక, చర్మగ్రంథులు స్రవించే జిడ్డును విడగొట్టి కొంత వాడుకుని, ఓలియిక్ ఆమ్లం వంటివాటిని చర్మం మీద మిగులుస్తుంది. ఆ ఆమ్లం పడనివారిలో చర్మకణాలు పక్వం కాకముందే గుత్తులుగా ఊడి పొట్టుగా రాలుతాయి. జిడ్డు ఎక్కువయ్యే యౌవనంలోనే చుండ్రు సాధారణంగా మొదలవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇదే తీవ్రమై కనుబొమలు, ముక్కు పక్కలు, చెవుల వెనుక ఎర్రబడి పసుపు పొలుసులు కడితే దానిని సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. ఆ ఈస్ట్‌ను అదుపుచేసే కీటోకొనజోల్ అనే మందు 2 శాతం ఉన్న షాంపూను వారానికి రెండుసార్లు, 2 నుంచి 4 వారాలు వాడితే చాలామందికి తగ్గుతుంది. అయితే నురుగును 3 నుంచి 5 నిమిషాలు మాడు మీద ఉంచాలి. పూసిన వెంటనే కడిగేసి, మందు పనిచేయలేదనడం న్యాయం కాదు.

నిజంగా పొడిబారిన మాడు వేరు. అక్కడ పొట్టు సన్నగా, తెల్లగా, జిడ్డు లేకుండా ఉంటుంది; కాళ్లూ చేతులూ కూడా తరచుగా పొడిబారి ఉంటాయి. మితంగా నూనె రాయడం వీరికి మేలు చేస్తుంది.

అంచులు స్పష్టంగా, దళసరిగా, వెండి రంగు పొలుసులు జుట్టు సరిహద్దు దాటి నుదుటి మీదికి వస్తే సోరియాసిస్‌ను అనుమానించాలి. మోచేతులు, మోకాళ్లు, గోళ్లు కూడా చూడాలి. ఇది అంటువ్యాధి కాదు, కనుక ఆ మనిషిని దూరం పెట్టడం అన్యాయం. జుట్టు రంగు వేసుకున్నాక దురద, వాపు, రసి కనిపిస్తే అందులోని పీపీడీ అనే రసాయనం పడలేదేమో ఆలోచించాలి. నల్ల గోరింటాకు పొడులలో కూడా అది ఉండవచ్చు.

పిల్లల తలలో పొలుసులతోపాటు జుట్టు మచ్చలు మచ్చలుగా ఊడుతుంటే చుండ్రు అనుకుని జాప్యం చేయవద్దు. అది తల తామర కావచ్చు. దువ్వెనల ద్వారా తోటి పిల్లలకు సోకుతుంది, పైపూత మందులతో మాత్రమే పోదు. వైద్యుడు సూచించిన మాత్రలు కొన్ని వారాలపాటు వాడవలసి ఉంటుంది.