లైసెన్సులు పాతిక, కంప్యూటర్లు నలభై: తప్పెవరిది?

(యాంటీవైరస్ లైసెన్సుల మీద 2024 జులై చివరి వారపు చర్చ, మధ్యలోంచి)

యాంకర్: సూటిగా అడుగుతా. ఈ నెల 19న శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. లోకమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడకేశాయి. అంతా విదేశీ కంపెనీ చలవ! అయినా మనవాళ్లు విదేశీ యాంటీవైరసే కొంటారెందుకు?

మందుల టోకు వ్యాపారి: అసలు కొనడమే దండగండీ! డబ్బు కట్టినవాడి తెరే కదా నీలమైంది? నాది నిక్షేపంలా నడిచింది.

నెట్‌వర్క్ అడ్మిన్: సార్, అది క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన అప్‌డేట్‌లో తప్పు. లైసెన్సుల లెక్క వేరే...

వ్యాపారి: ఉండమ్మా, చెప్పనీ. ఆఫీసు, గోడౌను కలిపి మాకు 40 సిస్టమ్‌లు. లైసెన్సులు 25 కొన్నాం. ఏడాది తిరక్కుండానే అన్నీ అయిపోయాయని సాఫ్ట్‌వేర్ అంటోంది. చూస్తే పనిచేసేవి 18! ఏడు ఎవడు తిన్నాడు?

అడ్మిన్: ఎవరూ తినలేదు. ఫార్మాట్ కొట్టేముందు యాంటీవైరస్ తీసేయకపోతే, చాలా ప్రోడక్టుల్లో ఆ సిస్టమ్ పాత పేరు కన్సోల్‌లో, అంటే అన్ని సిస్టమ్‌ల లెక్కా ఒకచోట చూపే ప్రోగ్రామ్‌లో, అలాగే ఉండిపోతుంది. మళ్లీ ఎక్కిస్తే ఇంకో లైసెన్స్ పడుతుంది. ఆ పాత పేర్లు తీసేస్తే...

యాంకర్: ఆ కన్సోల్ ఏ దేశంలో ఉంటుంది?

అడ్మిన్: మీ ఆఫీసు సర్వర్లోనే పెట్టుకోవచ్చు. పుణె వాళ్ల క్విక్ హీల్ ఉంది, చెన్నై వాళ్ల కె7 ఉంది. ఏది కొన్నా లెక్క చూసే మనిషి...

యాంకర్: అదే నేనంటున్నా, మనవే ఉన్నాయి!

న్యాయవాది: ఒక్క మాట. మిగతా 22 సిస్టమ్‌లలో ఏముంది?

వ్యాపారి: ఏదో ఉందిలెండి. మా కుర్రాడు వేశాడు.

న్యాయవాది: క్రాక్ చేసిందైతే, అంటే లైసెన్స్ లేని దొంగ కాపీ అయితే, కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ఉంది. తెలిసి వ్యాపారానికి వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా.

వ్యాపారి: జైలా! వైరస్ రాసినోడు హాయిగా తిరుగుతుంటే, జీఎస్టీ కట్టే నేను జైలుకెళ్లాలా? మొన్న జీఎస్టీ వాళ్లు కూడా...

(ఇక్కడ జీఎస్టీ మీద నలుగురూ ఒకేసారి మాట్లాడారు. వినబడినంతలో రాయదగ్గది లేదు.)

అడ్మిన్: 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ మన ఆంధ్ర పోలీసు కంప్యూటర్లలోకే వచ్చింది సార్. అది దూరే లోపాన్ని సరిచేసే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. నెట్‌వర్క్‌లో ఒక్క సిస్టమ్ వదిలేసినా దాన్నుంచి పక్కదానికి...

వ్యాపారి: నేననేదీ అదేనమ్మా! పోలీసులకే దిక్కు లేదు! (నవ్వులు)

యాంకర్: బాగా చెప్పారు. అంటే స్వదేశీదే మార్గం...

వ్యాపారి: స్వదేశీ వద్దు, విదేశీ వద్దు. ఏడు లైసెన్సులు ఎవడు తిన్నాడో చెప్పండి!

అడ్మిన్: చెప్పాను కదా సార్, కన్సోల్‌లో...

యాంకర్: మేడమ్, పది సెకన్లు.

అడ్మిన్: ఒక షీట్ పెట్టుకోండి. సిస్టమ్ పేరు, ఎక్కించిన తేదీ, గడువు...

వ్యాపారి: షీట్ రాసేవాడికి జీతం ఎవడిస్తాడు?

యాంకర్: న్యాయమైన ప్రశ్న. రెండు వైపులా విన్నాం. చిన్న విరామం.

వ్యాపారి: ఏడంటే ఏడండీ... (మైకు ఆగింది)