ఊరి కుంటలో అడవి బాతుల సంసారం: గూడు జోలికి పోకుండా గమనించడం ఎలా?

[తెరపై: వానాకాలం కుంట, ఒడ్డున తుంగ, నీళ్లలో నిలబడ్డ నల్లతుమ్మ చెట్లు]

నమస్కారం. చలికాలంలో కొల్లేరుకో పులికాట్‌కో వెళ్లి గుంపులు గుంపులుగా బాతులను చూసి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఆ గుంపుల్లో ఎక్కువ భాగం చుట్టపుచూపుగా వచ్చినవే. సూదితోక బాతులు, గరిటెమూతి బాతులు అక్టోబరు, నవంబరుల్లో ఉత్తరం నుంచి దిగి, ఎండలు ముదరక ముందే తిరిగి వెళ్లిపోతాయి. వాటి గుడ్లూ పిల్లలూ అన్నీ అక్కడే. మన దగ్గర వాటి గూడు కోసం వెతకడం శుద్ధ దండగ.

మన నీళ్లలోనే పుట్టి, ఇక్కడే జతకట్టి, ఇక్కడే పిల్లలను పెంచుకునే బాతులు వేరే ఉన్నాయి. వాటికి కొల్లేరంత నీరు అక్కర్లేదు. ఊరి చివర రెండు మూడెకరాల కుంట చాలు. ఈ వీడియో ఆ బాతుల గురించి, ఆ కుంట గురించి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. చాలా అవసరమైన పని. కాని జనవరి లెక్క ఏ చెరువులో ఎన్ని బాతులు ఉన్నాయో చెబుతుంది, ఏ కుంటలో ఏ బాతు పిల్లలను లేపిందో చెప్పదు. అది తెలియాలంటే జూలై నుంచి డిసెంబరు దాకా చూడాలి. బురదలో, తుంపరలో, దోమల మధ్య ఎవరు వస్తారు? ఆ కుంట పక్కన ఉండేవాళ్లే రావాలి. అంటే మీరే.

[తెరపై: మూడు బాతుల బొమ్మలు ఒక్కొక్కటిగా]

తెలుగు నేల మీద చిన్న కుంటల్లో పిల్లలతో కనిపించే అవకాశం ఉన్నవి ముఖ్యంగా మూడు. మొదటిది స్పాట్ బిల్డ్ డక్. పెంపుడు బాతంత ఉంటుంది. ముక్కు నల్లగా ఉండి కొస మాత్రం పసుపు, ముక్కు మొదట్లో రెండు ఎర్రటి చుక్కలు, కాళ్లు నారింజ ఎరుపు. దూరం నుంచి చుక్కలు కనబడకపోయినా పసుపు కొస కనబడుతుంది, దాన్నే పట్టుకోండి. ఆడా మగా దాదాపు ఒకే తీరు. మనం ఈ వీడియోలో దీన్ని చుక్కమూతి బాతు అందాం.

రెండోది లెసర్ విజిలింగ్ డక్. గోధుమరంగు ఒళ్లు, పొడుగు మెడ, తోక మొదట్లో ఇటుక ఎరుపు. ఎగురుతున్నప్పుడు సన్నగా, రెండు ముక్కలుగా ఈల వేస్తుంది. ఒకసారి విన్నారంటే చీకట్లో కూడా పోల్చుకోగలరు. అందుకే దీన్ని ఈలబాతు అందాం. ఇది చెట్టెక్కి కూర్చునే బాతు. ఎండు తాటి మోడు మీద బాతు కూర్చుని ఉందని ఎవరైనా చెబితే నవ్వకండి, నిజమే చెబుతున్నారు.

మూడోది కాటన్ పిగ్మీ గూస్. పేరులో గూస్ ఉంది గాని, మనిషి పిడికిళ్లు రెండు కలిపినంత పిట్ట. మగదానికి తెల్లటి ముఖం, వీపు మీద ఆకుపచ్చ నిగనిగ, మెడకు నల్ల పట్టీ. ఆ పట్టీ గూడు కట్టే కాలంలోనే బాగా తేలుతుంది. తామరాకులు, కలువాకులు ఉన్న నీళ్లంటే దీనికి ఇష్టం.

బాతులు కాని వాటిని బాతులనుకునే ప్రమాదం పెద్దవాటి విషయంలో తక్కువే. పిల్లల దగ్గరే తికమక. ఒళ్లంతా నల్లటి నూగుతో, ముక్కు ఎర్రగా ఉంటే అది నీటికోడి పిల్ల. తల మీద చారలతో, తల్లి వీపెక్కి తిరుగుతూ, తల్లితో పాటు మునిగి లేస్తుంటే అది బుడబుంగ పిల్ల. చుక్కమూతి బాతు పిల్లలకు వీపు ముదురు గోధుమ, పొట్టా ముఖమూ పసుపు, కంటి మీదుగా నల్లటి గీత. ఈలబాతు పిల్లలు నలుపూ తెలుపూ, తల వెనక చుట్టూ తెల్లటి చార. కోత కోసిన పొలాల్లో మేపడానికి తోలుకొచ్చే పెంపుడు బాతుల మందలు పక్కనే ఉంటే ఇంకొంచెం జాగ్రత్త. పెంపుడువి మనిషిని చూసి దగ్గరికి రావచ్చు, అడవివి ఎన్నడూ రావు.

[తెరపై: రెండు కుంటలు పక్కపక్కన. ఒకటి రాతి ఒడ్డుతో, ఒకటి తుంగతో]

ఇక ఏ కుంట ఎంచుకోవాలి? ఈ రెండింటిలో ఎడమ వైపుది అందంగా ఉంది. చుట్టూ రాతి కట్టడం, నడక దారి, దీపాలు. బాతులకు అది పనికిరాదు. ఒడ్డు నిలువుగా ఉంటే చంటి పిల్ల నీళ్లలోంచి పైకి ఎక్కలేదు, తల్లికి గూడు దాచుకునే గడ్డి ఉండదు. పూడిక తీయడాన్ని నేను తప్పు పట్టను, రైతుకు నీళ్లు కావాలి. కాని చెరువంతా ఒకే లోతున తవ్వి, ఒడ్డును గోడలా కోసేసి, చివరి తుంగ దుబ్బు కూడా పీకేసి దాన్ని సుందరీకరణ అనడం నాకు మింగుడుపడదు.

కుడి వైపు కుంటకు పల్లపు శిఖం, అంటే నీళ్లు నిలిచే వాలు నేల, ఉంది. నీళ్లు మోకాలి లోతు నుంచి మడమ లోతుకు మెల్లగా తగ్గుతాయి. తుంగ, జమ్ము, అక్కడక్కడ తామర. నీళ్లలో నాలుగు తుమ్మ చెట్లు. కట్ట మీద తొర్ర పడిన పాత చెట్టొకటి. చుక్కమూతి బాతు నేల మీద గడ్డిలో గూడు పెడుతుంది. ఈలబాతు చెట్టు తొర్రలోనో, కొంగలో కాకులో వదిలేసిన పాత గూట్లోనో, ఒక్కోసారి నేల మీద తుంగలోనో పెడుతుంది. చిట్టి కాటన్ పిగ్మీ గూస్‌కు మాత్రం తొర్ర కావాలి. అందుకే ఎండిపోయిందని ఆ చెట్టును కొట్టేస్తే ఆ కుంటకు ఒక జాతి తగ్గినట్టే. గుర్రపుడెక్క నీళ్లను పూర్తిగా కప్పేసిన కుంటను వదిలేయండి, అక్కడ బాతులు ఈదే చోటే ఉండదు.

ఎక్కడ కూర్చోవాలి? అందరూ కట్ట మీద నిలబడతారు. అది అన్నింటికన్నా చెడ్డ చోటు. ఆకాశం ముందు మీ ఆకారం నల్లగా నిలబడుతుంది, కుంటలోని ప్రతి పక్షికీ మీరు కనబడతారు. కట్ట నడుము దగ్గర, ఏదైనా పొదను వెనక పెట్టుకుని కూర్చోండి. ఉదయం అయితే సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా తూర్పు ఒడ్డున, సాయంత్రం పడమటి ఒడ్డున. వానాకాలం గడ్డిలో పాములుంటాయి, బూట్లు లేకుండా దిగకండి. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, 42 మిల్లీమీటర్ల కటకం ఉన్న బైనాక్యులర్స్ ఈ పనికి సరిపోతాయి. ఎక్కువ రెట్లు చూపేవి చేతి వణుకును కూడా అన్ని రెట్లు చూపిస్తాయి.

నీటికి కనీసం అరవై, డెబ్భై మీటర్ల దూరం పెట్టుకోండి. ఆ దూరం సరిపోయిందో లేదో మీరు కాదు, బాతు చెబుతుంది. మేత మానేసి, మెడ నిటారుగా ఎత్తి మీ వైపే చూస్తోందంటే వెనక్కి జరగాల్సిన సమయం వచ్చింది. అది తిరిగి నీళ్లలో మూతి పెట్టి మేయడం మొదలుపెట్టాకే మీ గమనింపు మొదలైనట్టు. కూర్చున్నాక గంటసేపు లేవకండి. మొదటి ఇరవై నిమిషాల్లో మీకు దొరికేది మీ రాకతో బెదిరిన కుంట మాత్రమే.

[తెరపై: జంట బాతులు, తర్వాత ఒంటరి బాతు]

ఇప్పుడు అసలు విషయం. గూడు వెతకకుండానే గూడు ఉందని ఎలా తెలుసుకోవాలి? బాతుల నడవడిని చదవాలి.

తొలి వానలకు కుంటలో నీళ్లు చేరగానే జంటలు దిగుతాయి. రెండూ అరచేతి దూరంలో ఈదుతాయి, ఒకటి ఎగిరితే రెండోదీ ఎగురుతుంది, మూడో బాతు దగ్గరికి వస్తే మగది తరుముతుంది. తలలు కిందికీ పైకీ ఆడించడం, ఆడది నీటికి అతుక్కున్నట్టు పడుకోవడం చూస్తే జత కుదిరినట్టే. అంతమాత్రాన అక్కడే గూడు పెడతాయని రాసేయకండి. నీళ్లు తగ్గితే పక్క కుంటకు పోతాయి.

తర్వాత ఒక దశ వస్తుంది, చాలామంది నిరాశపడి మానేసేది అక్కడే. నిన్నటి దాకా రెండు కనిపించిన చోట ఒక్కటే కనిపిస్తుంది. బాతులు వెళ్లిపోయాయి అనుకుంటారు. నిజానికి కథ అప్పుడే మొదలైంది. చుక్కమూతి బాతుల్లో పొదిగేది ఆడదే. రోజుకు ఏ కొద్దిసార్లో లేచి, గబగబా మేసి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆ హడావుడే గుర్తు. మామూలు బాతు మేస్తుంది, ఈకలు సవరించుకుంటుంది, నిద్రపోతుంది. పొదిగే బాతుకు అంత తీరిక ఉండదు. అది గడ్డిలో ఏ దిక్కున దూరిందో రాసుకోండి, అంతే. వెంట వెళ్లవద్దు. ఈలబాతుల్లో ఆడా మగా రెండూ పొదుగుతాయి కాబట్టి ఒక్కటే కనబడటం అక్కడా మామూలే. పైగా అవి రాత్రి మేసే రకం. వాటి కోసం పొద్దు గుంకే వేళ ఉండి, ఏ చెట్టు వైపు నుంచి లేచాయో చూడాలి.

మేకలు కాసేవాళ్లతో, చేపల సంఘం వాళ్లతో మాట్లాడండి. వాళ్లు రోజంతా అక్కడే ఉంటారు. “గూడు ఎక్కడుంది” అని అడగకండి, అడిగితే చూపించడానికి తీసుకెళ్తారు. “పిల్లలను వెంటేసుకుని బాతు ఏమైనా తిరుగుతోందా పెద్దయ్యా?” అని అడగండి, చాలు.

[తెరపై: తల్లి వెనక వరుసగా పిల్లలు]

పిల్లలు నీళ్లలోకి దిగాక పని తేలికవుతుంది, ఆసక్తి పెరుగుతుంది. చుక్కమూతి బాతు రోజుకొక గుడ్డు చొప్పున ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా పెడుతుంది. అన్నీ పెట్టడం అయ్యాకే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి అన్నీ దాదాపు ఒకేసారి పిల్లలవుతాయి. పొదుగు కాలం సుమారు 24 రోజులు. పుట్టిన మర్నాటికల్లా తల్లి వెనక నీళ్లలో ఉంటాయి. ఈ లెక్కలు గుర్తుంటే మీరు గతాన్ని చదవగలరు. సెప్టెంబరు 20న వారం రోజుల పిల్లలు కనిపించాయి అనుకోండి. అంటే 13 ప్రాంతంలో పుట్టాయి. 24 రోజులు వెనక్కి వెళితే ఆగస్టు 20, పొదగడం మొదలు. పది గుడ్లు అనుకుంటే మొదటి గుడ్డు ఆగస్టు 10 దగ్గర. మీ మండలంలో పెద్ద వాన ఎప్పుడు పడిందో, కుంట ఎప్పుడు నిండిందో దాని పక్కన రాయండి. కొన్నేళ్లు ఇలా రాస్తే మీ కుంట గురించి మీకు తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియదు.

వయసు కట్టడానికి మూడు మెట్లు చాలు. ఒళ్లంతా నూగే ఉంటే మొదటి మెట్టు. నూగు మధ్య భుజాల దగ్గర, తోక దగ్గర అసలు ఈకలు పొడుచుకొస్తే రెండో మెట్టు. నూగు పోయి పెద్దవాటిలా ఉన్నా ఇంకా ఎగరలేకపోతే మూడో మెట్టు. పుట్టినప్పటి నుంచి ఎగిరే దాకా సుమారు ఏడెనిమిది వారాలు పడుతుంది.

పిల్లలను ఒకసారి లెక్కపెట్టి ఊరుకోకండి. తుంగలోంచి అన్నీ ఒకేసారి బయటకు రావు. అయిదు నిమిషాల తేడాతో మూడుసార్లు లెక్కించి, అన్నింటికన్నా పెద్ద అంకె రాయండి. తర్వాతి వారం పదకొండు కాస్తా ఆరవుతాయి. గద్ద, కాకి, ముంగిస, ఉడుము, ఊరకుక్క, నీళ్ల అడుగున కొర్రమీను, అందరికీ వాటా ఉంది. ఇది మనసు కష్టపెట్టే విషయమే, కాని పిల్లలను ఇంటికి తెచ్చి కాపాడాలని మాత్రం అనుకోకండి. ఒంటరిగా అరుస్తున్న పిల్ల కనిపిస్తే దూరం జరగండి. తల్లి చాలాసార్లు దగ్గర్లోనే ఉండి, మీరు పోతే వద్దామని చూస్తూ ఉంటుంది.

అలుగు పారేంత వాన పడితే నేల గూళ్లు మునుగుతాయి. ఆ వారం తప్పక వెళ్లి చూడండి. జంట మళ్లీ కనిపించడం మొదలైతే మొదటి ప్రయత్నం పోయిందని, మళ్లీ గుడ్లు పెట్టే అవకాశం ఉందని అర్థం.

[తెరపై: రెక్క ఈడుస్తూ పోతున్న తల్లి బాతు]

దీన్ని చూసి మోసపోకండి. రెక్క విరిగినట్టు నీటి మీద కొట్టుకుంటూ పోతోంది కదా, దానికి దెబ్బ తగల్లేదు. పిల్లల నుంచి మీ దృష్టి మళ్లించడానికి ఆడుతున్న నాటకం. మీరు మరీ దగ్గరగా వచ్చారన్నమాట. ఫొటో బాగా వస్తుందని ఇంకో అడుగు వేసేవాళ్లు ఉంటారు. ఆ కాసేపట్లో పిల్లలు చెల్లాచెదురవుతాయి, పైన గద్ద తిరుగుతూనే ఉంటుంది. డ్రోను సంగతి చెప్పనే అక్కర్లేదు. తలపై తిరిగే ప్రతిదీ బాతుకు గద్దే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేటకు ఇచ్చిన నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించడం చేరి ఉన్నాయి. తుపాకీ పట్టినవాడే వేటగాడు కాదు. పొరపాటున గూడు కాలికి తగిలినంత దగ్గరికి వెళితే గడ్డి కూడా సవరించకుండా వచ్చిన దారినే తిరిగి రండి. మీరు తొక్కిన బాట వెంటే ముంగిస వస్తుంది, గుడ్ల మీద కాకి కన్ను పడుతుంది.

చూసినవన్నీ ఈబర్డ్‌లో, అంటే పక్షులను చూసినవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ఎక్కించవచ్చు. అందులో జత, గూడు, పిల్లలు అని సంతానోత్పత్తికి విడిగా సంకేతాలు ఉన్నాయి, చాలామంది వాటిని నింపరు. నింపండి. కాని గూటి ఫొటోను, అది ఉన్న కచ్చితమైన చోటును ఎవరికీ పంపకండి. కుంట పేరు వరకు చాలు.

నోటు పుస్తకంలో ఎలా రాయాలో ఇప్పుడు తెరపై ఒక నమూనా కనిపిస్తోంది. వీడియో ఆపి రాసుకోండి.

[తెరపై: చేతిరాత పేజీ]

“సెప్టెంబరు 20, ఉదయం 6.30 నుంచి 8. మబ్బు, గాలి లేదు. నీళ్లు తూము రెండో మెట్టు దాకా. చుక్కమూతి బాతు: పెద్దది ఒకటి, పిల్లలు 9, మొదటి మెట్టు. ఈశాన్యం తుంగలోంచి వచ్చాయి. ఈలబాతులు 4, తాటి మోడు మీద, పిల్లలు లేవు. అవతలి ఒడ్డున వల వేస్తున్నారు. కుక్కలు 2. గద్ద ఒకసారి దిగింది, ఏమీ దొరకలేదు.”