పాఠం ఫోన్‌లో, చదువు నోట్‌బుక్‌లో

అందరికీ నమస్కారం.

పేరెంట్స్ మీటింగ్ అనగానే ‘సార్, మావాడు ఫోన్ వదలడం లేదు, కాస్త గట్టిగా చెప్పండి’ అంటారు. వాణ్ణి అడిగితే ‘క్లాసు వింటున్నా’ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

2020లో బళ్లు మూతపడ్డప్పుడు కేంద్రం ‘ప్రజ్ఞత’ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆన్‌లైన్ క్లాసులు ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు, ఆపైన నాలుగు మించకూడదు. ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. అంటే పదో తరగతి వాళ్లకు కూడా మహా అయితే మూడు గంటలు. బడే లేని రోజుల లెక్క అది! ఇప్పుడు పగలంతా బడిలో కూర్చుని వచ్చిన పిల్లలకు ఇంట్లో మళ్లీ అన్ని గంటలు దేనికి?

త్రికోణమితి వీడియో ఒకటి తీసుకోండి. 40 నిమిషాలు. సార్ లెక్క చేస్తుంటే మనవాడు తల ఊపుతుంటాడు, అంతా వచ్చేసినట్టే ఉంటుంది. ఇంతలో పైన మెసేజ్ కనబడుతుంది, వేలు అటు పోతుంది. తిరిగొచ్చేసరికి సార్ మూడో లెక్కలో ఉంటారు. అయినా వీడియో అయిపోయింది కదా, చదివేశాననే అనుకుంటాడు.

లెక్క కనబడగానే పాజ్ నొక్కమనండి. ఫోన్ బోర్లా పెట్టి, నోట్‌బుక్‌లో సొంతంగా చేయమనండి. రాకపోతే అప్పుడు ప్లే. ఆ వీడియోకి గంటన్నర పట్టినా స్క్రీన్ చూసేది 40 నిమిషాలే. వాడు ఫోన్‌లో ఏం చూశాడో కనిపెట్టడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. ఏం రాశాడో మాత్రం నోట్‌బుక్ తెరిస్తే తెలిసిపోతుంది. లెక్కలు రాని అమ్మ కూడా పేజీ ఖాళీగా ఉందో లేదో చూడగలదు.

కళ్ల సంగతి. తదేకంగా చూస్తుంటే రెప్ప వేయడం తగ్గి కళ్లు మండుతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. సాయంత్రం వెలుతురు ఉండగా ఆడుకోనివ్వండి, ట్యూషన్ పేరుతో అది తీసేయకండి. ఆరుబయట గడిపే పిల్లలకు దగ్గరచూపు, అంటే దూరానివి మసకగా కనబడే సమస్య, వచ్చే అవకాశం తక్కువ.

చాలా ఇళ్లలో ఉన్నది ఒక్కటే ఫోన్, అది నాన్నది. ఆయన డ్యూటీ దిగి వచ్చేది రాత్రి ఎనిమిదింటికి. పిల్ల చేతికి తొమ్మిదికి అందుతుంది, పదకొండు దాకా నడుస్తుంది. తెల్లారి ఫస్ట్ పీరియడ్‌లో నిద్ర. ఇందులో పిల్ల తప్పేముంది? హోంవర్క్ రాత్రిపూట వాట్సాప్ గ్రూపులో పెట్టేది బడివాళ్లే కదా!

హెడ్మాస్టర్ గారూ, మీరు వేదిక మీదే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. రేపటి నుంచి హోంవర్క్ లాంగ్‌బెల్‌కి ముందే బోర్డు మీద రాయించండి. వీడియో లింకులేమైనా ఉంటే శనివారం పంపితే చాలు, ఆదివారం పగటిపూట చూసుకుంటారు.