మడత పనిముట్టు: ఏ పనికి వస్తుంది, ఏ పనికి రాదు

శ్రోతలకు నమస్కారం.

మడిస్తే అరచేతిలో ఇమిడిపోయి, విప్పితే కటింగ్ ప్లయరుగా, చాకుగా, స్క్రూడ్రైవరుగా, కత్తెరగా, ఆకురాయిగా అక్కరకు వచ్చే పనిముట్టును మీలో చాలామంది చూసే ఉంటారు. బజారులో దీన్ని మల్టీటూల్ అంటున్నారు. ఇది ఒక్కటుంటే ఇంకేమీ అక్కరలేదని నమ్మి కొనేవారు కొందరైతే, నాలుగు రోజులు వాడి, ఏ పనీ సరిగ్గా చేయడం లేదని విసుక్కుని సొరుగులో పడేసేవారు మరికొందరు. ఈ ఇద్దరూ దాన్ని ఒకే తప్పు కొలతతో కొలుస్తున్నారని నా అభిప్రాయం. ఇంట్లోని అసలు పనిముట్ల పక్కన పెట్టి చూస్తే ఇందులోని ఏ ఒక్కటీ వాటికి సాటిరాదు. ఆ పనిముట్లు చేతికి అందని చోట, రైల్లోనో, పొలం గట్టు మీదో, అద్దె ఇంట్లో దిగిన మొదటి రోజునో మాత్రమే దీని విలువ తెలుస్తుంది. ఆ షరతును మనసులో ఉంచుకుని దీని గుణదోషాలను పరిశీలిద్దాం.

పనిముట్టును ఒంటిమీద పెట్టుకుని తిరగడం మనకు కొత్తేమీ కాదు. మొలతాడుకు ముల్లు తీసే చిమటా కట్టుకున్న రైతులను, వక్కాకు సంచిలో అడకత్తెర వేసుకుని తిరిగిన పెద్దలను చూసినవారు శ్రోతల్లో ఇంకా ఉండే ఉంటారు. అయితే అనేక పనిముట్లను ఒకే పిడిలోకి మడిచే పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చింది స్విట్జర్లాండు సైన్యం. సిపాయి తన ఆహారపు డబ్బాను తానే తెరుచుకోవాలి, 1889 నాటి కొత్త తుపాకీని తానే విప్పి శుభ్రం చేసుకోవాలి. ఈ రెండు అవసరాల కోసం కోసే అలుగు (బ్లేడు) ఒకటి, ఒక స్క్రూడ్రైవరు, డబ్బా తెరిచే ముక్క, కన్నం పొడిచే మొన కలిపి ఒక మడత కత్తిని రూపొందించారు. మొదటి విడత కత్తులు జర్మనీలోని జోలింగెన్ పట్టణంలో తయారయ్యాయి. ఆ పని స్వదేశంలోనే జరగాలని పట్టుబట్టి, ఇబాఖ్ గ్రామంలో చిన్న కర్మాగారం నడుపుతున్న కార్ల్ ఎల్సెనర్ 1891లో సైన్యానికి కత్తులు అందించడం మొదలుపెట్టాడు. 1897లో ఆయన నమోదు చేయించిన అధికారుల కత్తిలో అసలు చమత్కారం ఉంది. ఒకే స్ప్రింగు పట్టీ ముందువైపు పనిముట్లనూ, వెనుకవైపు పనిముట్లనూ రెండింటినీ అదిమి పట్టి ఉంచుతుంది. స్థలం పెరగకుండానే పనులు పెరిగాయి. ఈనాటికీ ఆ కత్తుల కడుపులో ఉన్నది అదే ఏర్పాటు.

ఆ కత్తికి ఒక లోటు ఉండేది. అది కోయగలదు, తిప్పగలదు, పొడవగలదు కాని పట్టుకోలేదు. 1975లో టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ ఇంజనీరు, భార్యతో కలిసి ఒక పాత ఫియట్ కారులో ఐరోపా తిరుగుతూ, మొరాయించే కారుతోనూ హోటళ్లలో కారే నీటి గొట్టాలతోనూ విసిగిపోయి, తన జేబు కత్తికి ఒక ప్లయరు కూడా ఉంటే బాగుండునని అనుకున్నాడు. నెలరోజుల్లో తయారు చేయవచ్చనుకున్న నమూనాకు మూడేళ్లు పట్టింది. దాన్ని పట్టుకుని తిరిగితే, కత్తులు చేసే కంపెనీలు ఇది పనిముట్టు గనుక మాకు వద్దన్నాయి, పనిముట్లు చేసే కంపెనీలు ఇది కత్తి గనుక మాకు వద్దన్నాయి. చివరకు 1983లో స్నేహితుడు స్టీవ్ బెర్లినర్‌తో కలిసి ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో తానే కంపెనీ పెట్టాడు. ఆ రెండు రకాల కంపెనీల అనుమానమూ పూర్తిగా అకారణం కాదని, దాని లోపాల దగ్గరకు వచ్చినప్పుడు మనకే తెలుస్తుంది.

మొదట దాని బలం గురించి చెబుతాను. నా దృష్టిలో ప్లయరు ఉన్న మడత పనిముట్టు ఒక జాతి, లేనిది వేరొక జాతి. చాకుకు బదులు బ్లేడుముక్క దొరుకుతుంది, స్క్రూడ్రైవరుకు బదులు చెంచా కాడతోనో నాణెంతోనో ఒకసారి నెట్టుకురావచ్చు. వేళ్లతో పట్టు దొరకని ఇనుప ముక్కను గట్టిగా పట్టుకోవడానికి మాత్రం ప్లయరుకు బదులు మరొకటి లేదు. సంచి జిప్పు సంగతే చూడండి. జిప్పు మూసినా వెనకాల పళ్లు విడిపోతున్నాయంటే, చాలాసార్లు చెడింది పళ్లు కావు, వాటిని కలిపే జారుడు ముక్క. వాడగా వాడగా దాని అంచులు కొద్దిగా ఎడమవుతాయి. రెండు వరుసల పళ్లూ కలిసి బయటకు వచ్చే వైపున, ఆ ముక్క రెండు అంచులనూ ఒకదాని తరువాత ఒకటి ప్లయరు మొనతో కొంచెం కొంచెంగా నొక్కుతూ, ప్రతి నొక్కుకూ ఒకసారి జిప్పు లాగి చూడాలి. తొందరపడి గట్టిగా నొక్కితే అది అసలే కదలకుండా బిగుసుకుపోతుంది. ఇంత సున్నితమైన పనికి పెద్ద ప్లయరు కంటే సన్నని మొన ఉన్న ఈ చిన్నదే నయమని చెప్పడానికి నేను వెనుకాడను.

వదులైన కుక్కరు పిడి, ఊడివచ్చిన కళ్లజోడు కాడ, కిటికీ దోమతెర మేకు, మోటారు సైకిలు క్లచ్ తీగ దగ్గరి బిగింపు నట్టు, ఇవన్నీ ఒకే కోవలోకి వచ్చే పనులు. బలం కంటే సమయానికి దగ్గర ఉండడమే వీటికి ముఖ్యం. చిన్న కత్తెర మందుల పట్టీలు, పాల ప్యాకెట్లు కత్తిరించడానికి చాలు. స్విస్ కత్తి ఎర్ర పిడి పక్కన దూర్చి ఉంచే చిమటాను ఆటబొమ్మ అనుకోకండి, కాలిలో తుమ్మ ముల్లు విరిగినప్పుడు అది మిగతా పనిముట్లన్నిటికంటే విలువైనది.

స్క్రూడ్రైవరు విషయంలో ఒక కిటుకు చాలామందికి తెలియదు. స్విస్ కత్తిలో సీసా మూత తీసే ముక్క చివర ఉండే వెడల్పు స్క్రూడ్రైవరును పూర్తిగా కాక సగం తెరిస్తే, తొంభై డిగ్రీల దగ్గర అది టక్కున ఆగుతుంది. అప్పుడు పిడి అడ్డంగా, స్క్రూడ్రైవరు నిలువుగా ఉండి, బిగుసుకుపోయిన మరను వదిలించడానికి చేతికి మంచి పట్టు చిక్కుతుంది. కొన్ని కత్తుల్లో కార్కు తీసే మర ఉండే చోట స్టార్ స్క్రూడ్రైవరు అమర్చుతారు. అది కూడా పిడికి అడ్డంగానే తెరుచుకుంటుంది. మన ఇళ్లలో కార్కు తీసే పని అరుదు గనుక, కొనేవారు ఈ రకాన్నే ఎంచుకోవడం మంచిది.

ఇక బలహీనతలు. అదే స్క్రూడ్రైవరు దగ్గర మొదలుపెడదాం. మామూలు స్క్రూడ్రైవరులో పిడి, కాడ, మొన ఒకే గీత మీద ఉంటాయి, కాబట్టి వేళ్లతో గిరగిరా తిప్పవచ్చు. ప్లయరు ఉన్న మడత పనిముట్టులో స్క్రూడ్రైవరు పిడి చివర ఒక పక్క నుంచి లేస్తుంది. మొన మర మీద తిన్నగా నిలిచినా, పిడి మాత్రం పక్కకు ఒరిగి గుండ్రంగా తిరగాల్సి వస్తుంది. పక్కన గోడో చెక్కో ఉంటే సగం చుట్టులోనే తగులుకుంటుంది, మొన జారుతుంది, మర తల గాడి అరిగిపోతుంది. పైగా కాడ పొట్టిది. స్విచ్చుబోర్డు సాకెట్టు లోపలి మరలు లోతైన గుంటల్లో ఉంటాయి, మిక్సీ అడుగున మరలు ఇంకా లోతుగా ఉంటాయి. అక్కడికి ఇది చేరనే చేరదు.

విద్యుత్తు ప్రస్తావన వచ్చింది గనుక అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఈ పనిముట్టు పిడి ఉక్కుది. ఎలక్ట్రీషియన్లు వాడే, 1000 వోల్టుల వరకు పరీక్షించిన పిడితొడుగు దీనికి ఉండదు. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తు నేరుగా అరచేతికి చేరుతుంది. స్విస్ కత్తికి రెండు పక్కలా ప్లాస్టిక్కు పలకలు ఉన్నాయి కదా అని ధీమా పడకూడదు, దాని వీపున స్ప్రింగు పట్టీలు బయటకే ఉంటాయి, పట్టుకున్న వేళ్లు వాటికి తప్పక తగులుతాయి. మెయిన్ స్విచ్ ఆపేసి, టెస్టరుతో సరిచూసుకున్న తరువాత తప్ప దీన్ని తీగల దగ్గరకు తీసుకుపోకూడదు. అందులో తీగ కత్తిరించే దవడ ఉండడం వల్లనే ఈ ప్రమాదం మరీ ఎక్కువ, చూడగానే చేతికి ఆ పని చేయాలనిపిస్తుంది.

రెండవ ప్రమాదం వేళ్లకు. పాతకాలపు మడత కత్తులలోనూ, చాలా చిన్న స్విస్ కత్తులలోనూ అలుగును నిలిపి ఉంచేది స్ప్రింగు ఒత్తిడి మాత్రమే, తాళం లేదు. పదును వైపు నుంచి కోస్తున్నంతసేపు అలుగు మరింత గట్టిగా తెరుచుకునే ఉంటుంది కాబట్టి భయం లేదు. కత్తి మొనతో దేన్నైనా పొడిచినప్పుడు, లేదా బిగుసుకున్న అలుగును వెనక్కు లాగినప్పుడు అది వేళ్ల మీదికే మడుచుకుంటుంది. అందుకే తోలు బెల్టుకు కన్నం చేయవలసి వస్తే చాకు మొన వాడకుండా, దానికోసమే పెట్టిన ఆరె లాంటి మొనను వాడాలి. స్విట్జర్లాండు సైన్యం కూడా 2008లో తన సిపాయిలకు తాళం పడే, ఒంటిచేత్తో తెరుచుకునే పెద్ద కత్తిని ఎంచుకుంది. కొత్త మల్టీటూల్స్‌లో అలుగు తెరవగానే లోపలి పట్టీ ఒకటి అడ్డుపడి తాళం వేస్తుంది. ఇంట్లో పిల్లలుంటే తాళం ఉన్నదే కొనండి, కొన్నాక వారికి అందకుండా ఉంచండి.

ప్లయరును అంతగా పొగిడాను గాని దానికీ హద్దు ఉంది. ఎనిమిది అంగుళాల మామూలు కటింగ్ ప్లయరు చేతులు పొడుగు, దవడలు మందం. ఇక్కడ చేతులు పొట్టి, దవడలు మొన దగ్గర సన్నం, కీలు ఒక చిన్న రివెట్టు. మందమైన ఇనుప తీగను కత్తిరించబోతే అంచుల్లో నొక్కులు పడతాయి. లెదర్‌మన్ కంపెనీ తన వేవ్ ప్లస్ రకంలో 2018 నుంచి తీగ కత్తిరించే అంచులను విప్పి మార్చుకునేలా చేసిందంటే, అక్కడే ఎక్కువగా చెడుతుందన్న సంగతి వారికీ తెలుసునన్న మాట. మొనతో పట్టుకుని పక్కకు మెలి తిప్పితే మొన విరిగే అవకాశమూ ఉంది. గట్టిగా పిసికితే కొన్ని రకాల్లో పిడి అంచులు అరచేతిలో గుచ్చుకుంటాయి. స్కూటరు స్పార్క్ ప్లగ్గు విప్పడం, కొబ్బరి బోండం కొట్టడం, పైపు బిగించడం దీని పనులు కావు. వాటికి పానా, కొడవలి, పైపు రెంచి ఉండనే ఉన్నాయి.

బరువు విషయం కూడా కొనేముందే ఆలోచించాలి. ఆ వేవ్ ప్లస్ 241 గ్రాములు ఉంటుంది. పంచెలోనో, పల్చని పైజామాలోనో పెట్టుకుని తిరిగే బరువు కాదది. మామూలు స్విస్ కత్తి అందులో దాదాపు నాలుగో వంతే తూగుతుంది. తాళంచెవుల గుత్తికి తగిలించే అతి చిన్నదైతే 20 గ్రాములకు కాస్త అటూ ఇటూ. సంచిలో టూల్ బ్యాగు పెట్టుకుని తిరిగే మెకానిక్కుకు పెద్దది పనికొస్తుంది. నిజం చెప్పాలంటే ఉద్యోగానికి బస్సులో వెళ్లివచ్చే మనిషికి చిన్నదే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే ఆయన దాన్ని ఇంట్లో మరచిపోడు.

వీటి అలుగులకు వాడేది సాధారణంగా క్రోమియం కలిసిన, మరీ కఠినం కాని ఉక్కు. సానరాయి మీద సులువుగా పదునెక్కుతుంది, అంత త్వరగానూ పదును పోగొట్టుకుంటుంది. తుప్పు పట్టనిదని అమ్మినా, విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరప్రాంతాల ఉప్పుగాలికి కీళ్ల సందుల్లో ఎర్రటి మరకలు పడతాయి. మామిడిపండు కోసి, అలుగును రుమాలుతో తుడిచి మడిచేస్తే, రసం కీలులోకి దిగి ఎండి జిగురవుతుంది. మరుసటి రోజు గోరు పెట్టి లాగే గాడిలో గోరు విరుగుతుంది గాని అలుగు లేవదు. అలాంటప్పుడు గోరువెచ్చని నీటిలో ముంచి నాలుగైదుసార్లు తెరుస్తూ మూస్తూ కడిగి, బాగా ఆరబెట్టి, కీలులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే చాలు. చాకుగా తినే పదార్థాలకు వాడేవారు నూనెను పైన మిగలకుండా తుడిచేయాలి.

చూడడానికి ఒకేలా ఉండే చవక అనుకరణలు ఫుట్‌పాత్ మీద కూడా దొరుకుతున్నాయి. కొనేముందు ప్లయరును మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. దవడల మొనలు రెండూ కలవకుండా సందులోంచి వెలుగు కనిపిస్తే పక్కన పెట్టేయండి. పిడి రెండు భాగాలనూ పట్టి పక్కలకు కదపండి, లొడలొడలాడితే రివెట్టు మెత్తనిది. పద్దెనిమిది పనిముట్లు అని డబ్బా మీద రాసి ఉంటే, అందులో మీరు నిజంగా వాడేవి ఎన్నో లెక్కపెట్టుకోండి. నా అనుభవంలో ప్లయరు, చాకు, రెండు స్క్రూడ్రైవర్లు, కత్తెర దాటి వాడకం పోదు.

చివరగా విమానంలో వెళ్లేవారికి ఒక మాట. చాకు ఉన్న ఏ మడత పనిముట్టునైనా చేతిసంచిలో వేసుకుని శంషాబాదులోగాని, గన్నవరంలోగాని తనిఖీ దాటలేరు. సామాను అప్పగించేటప్పుడే దాన్ని పెద్ద పెట్టెలోకి మార్చండి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళుతూ తాళంచెవుల గుత్తికి ఉన్న చిన్న కత్తిని మరచిపోయే పెద్దవారు తరచూ దాన్ని తనిఖీ దగ్గరే వదిలిపోవలసి వస్తోంది. బయలుదేరేముందు జేబులు ఒకసారి తడిమి చూసుకోండి.

నమస్కారం.